రుఫీనా బాణీ

మెక్సికో నగరం,
9 ఆగస్టు 2003

అన్నయ్యకు,

ఈ సంగతి ఫోన్లోనే చెప్పాలనుకున్నాను. కానీ మన ఊరి ఫోను కొట్టులో నువ్వు మాట్లాడుతుంటే వెనక బెంచీ మీద పదిమంది కూర్చుని వింటారు. నువ్వేమో ఆఁ, ఊఁ తప్ప ఏమీ అనవు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇంటికి తీసుకెళ్ళి చదువుకో.

లాటిన్ దేశాల సమకాలీన స్వరకర్తలకు రెండేళ్ళకోసారి ఇచ్చే పెద్ద బహుమతి ఉంది కదా, దాని తుది జాబితాలో నా పేరు వచ్చింది. ఐదుగురిని ఏరారు. ఒక అర్జెంటీనా ఆయన, ఒక క్యూబా ఆయన, ఇద్దరు స్పెయిన్ వాళ్ళు, నేను. ఆడదాన్ని నేనొక్కదాన్నే. కొండ మీద నుంచి దిగినదాన్ని కూడా నేనొక్కదాన్నే. నవంబరు పద్నాలుగున గ్వాదలహారాలో ప్రకటిస్తారు.

నిన్న ఒక పత్రిక అతను వచ్చాడు. "మీ ఊళ్ళో సంగీతం ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాడు. "గుమ్మం బయట" అన్నాను. నవ్వాడు గానీ రాసుకోలేదు.

జాబితాకెక్కిన రచన పేరు 'నాలుగు భుజాలు'. పెద్ద వాద్యబృందం కోసం రాసింది, అరగంట సాగుతుంది. సీడీ పంపుతున్నాను. మధ్యలో ఒకచోట నీకు తెలిసిన బాణీ ఒకటి వినిపిస్తుంది. వినగానే ఆపేసి లేచిపోకు. చివరిదాకా విను.

నువ్వూ నియెవెసూ గ్వాదలహారాకు రావాలి. మేనకోడలిని నా పక్కన కూర్చోబెట్టుకోవాలని ఉంది. నీకు సూటు లేదని సాకు చెప్పకు, మన ఊరి బ్యాండుమేళం కోటు వేసుకునే రా.

నీ చెల్లెలు
ఒతీలియా

*

సాంతా ప్రిస్కా,
27 ఆగస్టు 2003

ఒతీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు మేళం సాధనలో ఉన్నాం. నేను కోణంగిలా కాగితం పట్టుకుని నవ్వుతుంటే అబుందియో ట్రంపెట్ కిందపెట్టి, "ఏంటి మాస్టారూ, నీకు మళ్ళీ పెళ్ళి కుదిరిందా?" అన్నాడు. చదివి వినిపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. నియెవెస్ అయితే క్లారినెట్ పక్కన పడేసి ఏడ్చింది. నాన్న ఉంటే ఏమనేవాడో తెలుసా? "ఐదుగురిలోనా? మిగతా నలుగురూ ఎవరు?" అనేవాడు.

ఇక్కడా ఒక మంచి కబురు ఉంది. కొత్త సంగీత పాఠశాల గోడలు లేచాయి. జనవరిలో గవర్నరు వచ్చి తెరుస్తాడట. నాన్న పేరు పెడుతున్నారు. 'మాస్టారు క్రెసెన్సియో సంగీత పాఠశాల'. రాతి మీద చెక్కుతున్నారు కూడా.

ఆదివారం పూజ అయ్యాక ఫాదరు గారింట్లో నీ సీడీ పెట్టించుకుని విన్నాం. మొదట్లో నాకేమీ అర్థం కాలేదు. వయొలిన్ల మీద గోళ్ళతో గీకుతున్నట్టుంది. సరే, నగరంలో ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. తరవాత ఆ బాణీ వచ్చింది.

అది మీ వదిన బాణీ కదా. రుఫీనాని సమాధికి మోసుకెళ్ళిన రోజు వాయించింది. నాన్న చివరిసారి కట్టింది.

ఫాదరు గారు నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

నీ కాగితాల మీద నాన్న పేరు వేశావు కదా? ఆ ఒక్కమాట రాయి. తతిమ్మావన్నీ బాగానే ఉన్నాయి.

అన్న
దొనాసియానో

*

మెక్సికో నగరం,
8 సెప్టెంబరు 2003

అన్నయ్యకు,

వేయలేదు.

నీకు కోపం వస్తుందని తెలుసు. కానీ ఆ బహుమతికి ఒక నియమం ఉంది. రచనలో ప్రతి స్వరమూ సొంతంగా కట్టినదై ఉండాలి. ఇంకొకరి బాణీ వాడుకుంటే ముందే చెప్పాలి, చెబితే ఆ రచన వేరే విభాగంలోకి పోతుంది. నేను చెప్పలేదు. చెప్పనక్కర్లేదని నా ఉద్దేశం. ఎందుకు అని ఇప్పుడు అడగకు.

ఒక్కటి మాత్రం గుర్తు చేస్తాను. పదేళ్ళ వయసు నుంచి నాన్న కట్టిన ప్రతి బాణీకీ ముప్పయ్యేసి నకళ్ళు రాసింది నేను. క్లారినెట్లకు ఒకటి, ట్యూబాకు ఒకటి, డోలుకు ఒకటి. వేళ్ళకు సిరా అంటుకుని రొట్టెలు ఒత్తితే పిండి నల్లబడేది. అమ్మ తిట్టేది. అంత రాసినా సాధన గదిలో అడుగు పెట్టనివ్వలేదు. "ఆడపిల్ల ఊపిరి తగిలితే ఇత్తడి చిలుమెక్కుతుంది" అన్నది మన నాన్నే. నువ్వు పక్కనే ఉన్నావు. నవ్వావు.

ఇప్పుడు నీ కూతురు మొదటి క్లారినెట్. సంతోషమే. దాని ఊపిరికి ఏ ఇత్తడీ చిలుమెక్కలేదు కదా.

పాఠశాలకు నాన్న పేరు పెట్టడం మంచిదే. రాయి మీద తేదీలు సరిగ్గా చెక్కించు.

ఒతీలియా

*

సాంతా ప్రిస్కా,
22 సెప్టెంబరు 2003

ఒతీలియా,

చిన్నప్పటి కోపాలు తవ్వి నా మొహాన కొట్టకు. నేను అడిగింది ఒక్కటే, నువ్వు చెప్పింది ఇంకేదో.

నగరంలో ఉండి నీకు మరుపు వచ్చిందేమో, నేను చెబుతాను విను. మన ఊళ్ళో ఎవరు పోయినా వాళ్ళ పేరు మీద మాస్టారు ఒక బాణీ కట్టడం ఆనవాయితీ. ఇంటి నుంచి సమాధుల దాకా అదే వాయిస్తారు. మన్ను కప్పాక ఆ కాగితం బీరువాలోకి వెళుతుంది. అప్పటినుంచి అది పోయినవాళ్ళ సొత్తు. మళ్ళీ వాయించాలంటే ఇంటివాళ్ళని అడగాలి. రుఫీనా ఇంటివాడిని నేను. నన్ను అడిగావా?

ప్రతి ఏడాదీ నవంబరు రెండున దాని సమాధి దగ్గర ఆ బాణీ వాయిస్తున్నాను, ఇరవై రెండేళ్ళుగా. నువ్వు దాన్ని మెత్తటి కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు వినిపించావు. వాళ్ళు దగ్గుకుంటూ విన్నారు. సీడీలో దగ్గులు వినపడుతున్నాయి.

ఊళ్ళో మాటలు మొదలయ్యాయి. అబుందియో మొన్న మెజ్కల్ సారా కొట్టులో అందరి ముందూ అన్నాడు: "మాస్టారు కూతురు మాస్టారి బాణీ దొంగిలించుకెళ్ళి పేరు తెచ్చుకుంటోంది. నిన్ను అడగనైనా అడగలేదటగా." నేను తలెత్తలేకపోయాను. బహుమతి వాళ్ళకు రాస్తామని మేళం సంఘంలో కొందరు గట్టిగా పట్టుబడుతున్నారు. నేనే ఆపుతున్నాను. ఎన్నాళ్ళు ఆపగలనో తెలియదు.

నాన్న పేరు వెయ్యి. నీ చేతుల్లోనే ఉంది.

దొనాసియానో

*

మెక్సికో నగరం,
6 అక్టోబరు 2003

అన్నయ్యా,

బహుమతి సంఘం వాళ్ళు నన్ను పిలిపించారు. మన ఊరి నుంచి ఫిర్యాదు వచ్చిందట, ఆ బాణీ మాస్టారు క్రెసెన్సియోదని. మర్యాదగానే మాట్లాడారు. నాదేనని ఏదైనా రుజువు ఇస్తే ఫిర్యాదు పక్కన పెడతామన్నారు. ఈ నెల ముప్పయ్యో తేదీ దాకా గడువు ఇచ్చారు.

ఇన్నేళ్ళూ నీకు చెప్పని సంగతి ఇప్పుడు చెప్పక తప్పడం లేదు. కూర్చుని చదువు.

ఎనభై ఒకటి మార్చి గుర్తుందా? సోమవారం నాన్నకు పక్షవాతం వచ్చింది. నువ్వూ నేనూ కలిసి వహాకా ఆసుపత్రికి తీసుకెళ్ళాం. గురువారం పొద్దున రుఫీనా వదినకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయని కబురు వస్తే నువ్వు ఊరికి పరుగెత్తావు. సాయంత్రానికి బిడ్డ దక్కింది, వదిన దక్కలేదని నాకు తెలిసింది. నాన్న మంచం పక్కన కూర్చుని ఉన్నాను. నాకు మాత్రం జ్వరం వస్తే గంజి పోసింది ఎవరు? పరీక్ష ఫీజు కట్టమని నీతో పోట్లాడింది ఎవరు? ఆమెను బాణీ లేకుండా మోసుకెళతారన్న ఆలోచనే నేను తట్టుకోలేకపోయాను. నర్సు దగ్గర కాగితాలు అడిగి తీసుకున్నాను. నాన్న ఉష్ణోగ్రతలు నర్సులు రాసుకునే గళ్ళ కాగితాలు. వాటి మీదే గీతలు గీసి రాశాను. నా మోకాళ్ళ మీద పెట్టుకుని రాశాను. అది నేను కట్టిన మొదటి బాణీ.

శుక్రవారం ఊరికి వచ్చి నీ చేతిలో పెట్టినప్పుడు నువ్వు అడిగావు: "ఎవరిది?" అప్పుడు నాకు పదిహేడేళ్ళు. నాదని చెబితే మీ మగాళ్ళు ఇరవై ఎనిమిది మందిలో ఒక్కడైనా పెదవికి ట్రంపెట్ ఆనించేవాడా? "నాన్న కూనిరాగం తీశాడు, నేను రాసుకున్నాను" అన్నాను. ఆ ఒక్క అబద్ధం మీద మీరు అంత బాగా వాయించారు.

నాన్న మాత్రం మోసపోలేదు. ఇంటికి వచ్చాక ఆ కాగితం ఆయన ఒళ్ళో పెట్టాను. ఎడమ చేతి చూపుడువేలు మెల్లగా జరిపి ట్రాంబోన్ వరసలో ఒకచోట ఆపాడు. అక్కడ నిజంగానే తప్పుంది. దిద్దాను. ఇంకొకరి రాతలో తప్పు పట్టినట్టు పట్టాడు. నాకు సంగీతం చెప్పడానికి ఆయన వేలు ఎత్తింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు నీ నుంచి నాకు రెండు వాక్యాలు కావాలి. ఆ వారం నాన్న ఆసుపత్రిలో ఉన్నాడని, ఆయన నోట మాట గానీ రాగం గానీ రాలేదని. నువ్వు ఆ గదిలో ఉన్నావు. డాక్టరు నీతోనే చెప్పాడు. సాక్ష్యానికి ఇంకెవరూ మిగల్లేదు. సంతకం పెట్టి పంపు. పాఠశాల రాయి మీద పేరు అలాగే ఉంటుంది. నాన్న కట్టిన బాణీలు నాలుగొందల పైన ఉన్నాయి, ఇదొక్కటి తగ్గితే ఆయనకేమీ తక్కువ కాదు.

ఎదురుచూస్తుంటాను.

ఒతీ

*

సాంతా ప్రిస్కా,
25 అక్టోబరు 2003

ఒతీలియా,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. వానలకు దారి మీద కొండచరియ పడింది, ఐదు రోజులు బస్సు రాలేదు. చనిపోయినవాళ్ళ పండగ దగ్గర పడింది. రోజూ సాధన. కొత్త పిల్లలు తొమ్మిది మంది చేరారు, వాళ్ళకు తాళం నిలవడం లేదు. సమాధుల దగ్గర కలుపు తీయించాలి. బంతిపూలు ఈసారి సరిగ్గా పూయలేదు.

నువ్వు అడిగినదాని గురించి. ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ఆ వారం నా భార్య చచ్చిపోయింది. ఎవరు ఏం అన్నారో, ఎవరి నోట ఏం వచ్చిందో నాకు గుర్తు లేదు. గుర్తు లేనిదాని మీద సంతకం ఎలా పెట్టను?

నియెవెస్ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

దొనాసియానో

*

మెక్సికో నగరం,
5 నవంబరు 2003

అన్నయ్యకు,

నీ ఉత్తరం సరిగ్గా ముప్పయ్యో తేదీ పొద్దున చేరింది. కవరు చింపుతూ రెండు వాక్యాల కోసం వెతికాను. బంతిపూలు దొరికాయి.

ఆ మధ్యాహ్నమే సంఘం కార్యాలయానికి వెళ్ళి, బాణీ మా నాన్నదేనని రాసి సంతకం పెట్టాను. పోటీ నుంచి తప్పుకున్నాను. అక్కడి కార్యదర్శి పెద్దావిడ, కాగితం తీసుకుని, "తొందర పడుతున్నారేమో అమ్మా" అంది. "ఇరవై రెండేళ్ళు ఆగాను" అన్నాను. ఇకనుంచి అచ్చయ్యే ప్రతి కాపీ మీదా మధ్యభాగం మాస్టారు క్రెసెన్సియో రచన అని ఉంటుంది. పత్రికల్లో వచ్చింది. తండ్రి సొమ్ము దాచుకున్న కూతురని రాశారు. నేను పాఠం చెప్పే చోట పిల్లలు నన్ను చూసి మాటలు ఆపేస్తున్నారు.

నీ మీద ప్రేమతోనో, నాన్న మీద గౌరవంతోనో ఇలా చేశానని అనుకోకు. నా చిన్నతనాన్ని రుజువు చేసుకోవడానికి ఊరంతా తిరిగి మగవాళ్ళ సంతకాలు అడుక్కునే ఓపిక లేక చేశాను.

ఇంకొకటి. మొదటి రోజే వాళ్ళు నాకు ఆ ఫిర్యాదు నకలు చూపించారు. కింద 'సాంతా ప్రిస్కా మేళం సంఘం' అని ఉంది. సంఘానికి చేతిరాత ఉండదు కదా. నువ్వు పెద్దక్షరం 'ఆర్' తోకను కిందకి లాగి చుడతావు. 'రుఫీనా' అన్న చోటల్లా ఆ తోక ఉంది. అయినా అక్టోబరు ఉత్తరంలో నిన్ను అడగలేదు. నీ అంతట నువ్వే చెబుతావని ఆగాను.

ఫిర్యాదు మీద తేదీ సెప్టెంబరు పదిహేను. ఊరివాళ్ళను ఆపుతున్నానని నాకు రాసింది ఇరవై రెండున.

ఒతీలియా

*

సాంతా ప్రిస్కా,
18 జనవరి 2004

ఒతీ,

రెండు నెలలు ఏమీ రాయలేకపోయాను. కాగితం తీస్తాను, పేరు రాస్తాను, మడిచి పొయ్యిలో పెడతాను.

ఊరివాళ్ళు ఒత్తిడి చేశారని చెబితే నాకు తేలిక. ఎవరూ చేయలేదు. నేనే రాశాను. సంఘం ముద్ర నా దగ్గరే ఉంటుంది, నేనే కొట్టాను.

ఎందుకో చెబుతాను. నువ్వు క్షమిస్తావని కాదు. రుఫీనా మా పెళ్ళయ్యాక నాలుగేళ్ళు ఈ ఇంట్లో ఉంది. ఆ నాలుగేళ్ళూ నాన్న దాని చేతి కూడు తినలేదు. కంచరగాడిదలు అమ్మేవాడి కూతురు, తాళం తెలియని వంశం అనేవాడు. అది బల్ల మీద పళ్ళెం పెడితే ఆయన లేచి వాళ్ళ అక్క ఇంటికి పోయేవాడు. అది రోజూ పెట్టేది. "ఏదో ఒకరోజు ఆకలేస్తుందిలే" అని నవ్వేది. ఆ మనిషి, చావుబతుకుల్లో ఉండి, నోట మాట పడిపోయి కూడా దాని కోసం బాణీ కట్టాడని నువ్వు చెప్పావు. అది పాట కాదు నాకు. ఆయన చివరికి దాని పళ్ళెం ముందు కూర్చున్నట్టు లెక్క. దానితోనే బతికాను. నియెవెస్‌కి ప్రతి పుట్టినరోజుకీ అదే చెప్పి పెంచాను, "మీ తాత మీ అమ్మకి చేసిన క్షమాపణ ఇది" అని.

గుర్తు లేదన్నాను. గుర్తుంది. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "ఇక ఆయన గొంతు పలకదు" అన్నాడు. నాన్న నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాకపోవడం నా చెవులతో విన్నాను. నువ్వు శుక్రవారం నాకు చెప్పినప్పుడు అది అబద్ధమని నాలో ఏదో అంది. అది నోరెత్తకుండా నొక్కేశాను. సీడీలో విన్న రోజు అది మళ్ళీ లేచింది. నువ్వు నిజం చెప్పేస్తావని భయమేసి, నీకంటే ముందే రాశాను.

నువ్వు అడిగిన రెండు వాక్యాలు రాసి, సంతకం పెట్టి ఈ కవర్లోనే ఉంచాను. పనికిరావని తెలుసు.

పదో తేదీన పాఠశాల తెరిచారు. గవర్నరు గంట ఆలస్యంగా వచ్చాడు. పట్నం నుంచి వచ్చిన ఒకాయన మైకు పట్టుకుని, 'ఇటీవల ఖండమంతా మారుమోగిన మాస్టారు క్రెసెన్సియో చివరి బాణీ' అన్నాడు. జనం లేచి నిలబడ్డారు. నా చేతిలో మేళం నడిపే కర్ర ఉంది. ఆపి, ఇది నా చెల్లెలు కట్టింది అని చెప్పడానికి కావలసినంత నిశ్శబ్దం ఉంది. నియెవెస్ క్లారినెట్ పెదాల దగ్గర పెట్టుకుని నా వైపే చూస్తోంది. నీ ఉత్తరాలన్నీ అది చదివిందని నాకప్పుడు అర్థమైంది. నేను కర్ర ఎత్తాను. అందరూ మొదలుపెట్టారు. నియెవెస్ వాయించలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, అయిపోయేదాకా. ఆ తరవాత నాతో మాట్లాడలేదు.

ఇంకో సంగతి. అడగడానికి నోరు రావడం లేదు, అయినా అడుగుతున్నాను. అబుందియో ఊపిరితిత్తులు పోయాయి, ఈ నెల దాటడంటున్నారు. నలభై ఏళ్ళు వాయించినవాడు. రుఫీనా బాణీ తరవాత మన ఊళ్ళో ఎవరికీ కొత్త బాణీ లేదు, ఇంటివాళ్ళను అడిగి పాతవే తిప్పి తిప్పి వాయిస్తున్నాం. నిన్న వెళితే నా చెయ్యి పట్టుకుని, "మాస్టారు బీరువాలో ఎవరికీ వాడని బాణీ ఒక్కటైనా మిగిలుందా, వెతకరా" అన్నాడు. చూస్తానన్నాను. బీరువాలో ఏమీ లేదు.

నువ్వు ఒకటి రాసి పంపితే, పాత కాగితం మీద ఎక్కించి, దొరికిందని చెబుతాను. నాన్న పద్ధతి నీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నా కోసం కాదు, వాడి కోసం.

దొనాసియానో

*

మెక్సికో నగరం,
2 ఫిబ్రవరి 2004

అన్నయ్యకు,

నియెవెస్ గత గురువారం ఇక్కడికి వచ్చింది. ఒక సంచి, క్లారినెట్. నా దగ్గరే ఉంటుంది. నీకు చెప్పి రాలేదంది, అందుకే నేను చెబుతున్నాను. దాని గురించి కంగారు పడకు. తింటోంది, నిద్రపోతోంది. నీ మాట ఎత్తడం లేదు, నేనూ ఎత్తడం లేదు.

నువ్వు పంపిన రెండు వాక్యాలు చదివాను. చక్కగా రాశావు. అక్టోబరులో కూడా ఇవే రెండు వాక్యాలు.

అబుందియో సంగతికి బాధ పడ్డాను. నన్ను దొంగ అన్నాడని నువ్వే రాశావు, అన్నాడో లేదో ఇప్పుడు నాకు తెలియదు. ఏదైనా కానీ, మంచి ట్రంపెట్ అతనిది. గుమ్మం బయట కూర్చుని నేను విన్నవాటిలో అన్నిటికన్నా శుభ్రమైన స్వరం.

కానీ అతనికి చెప్పు, బీరువాలో ఇంకేమీ లేదని. నాన్న చనిపోయాడు అన్నయ్యా. ఇక రాయడు.

ఒతీలియా